శిక్షణ గంటలు సరే, బడి గంటల మాటేమిటి?

పాఠశాల విద్యాశాఖ పెద్దలకు, ఉపాధ్యాయ శిక్షణలను రూపొందించే అధికారులకు, టీచర్ల అర్హతల నిబంధనలు రాసేవారికి ఒక ఎస్జీటీ (ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు) రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. 1998 డీఎస్సీలో ఎంపికై అప్పటి ఉమ్మడి వరంగల్ జిల్లాలో టీచరుగా చేరాను. ఇప్పుడు పనిచేస్తున్నది ములుగు జిల్లాలో, ఏటూరునాగారం అడవి వైపు ఉన్న ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు, ఇరవై ఆరుగురు పిల్లలు, నేనొక్కడినే టీచరును. 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ వేశారు, చాలా బడులకు కొత్త టీచర్లు వచ్చారు. అందుకు కృతజ్ఞతలు. ఆ వరస మా బడి దాకా రాలేదు.

ఈ లేఖలోని విషయం మీద ఇంతకుముందు మూడుసార్లు రాసి ఇచ్చాను. మొదటి రెండు వినతిపత్రాలు ఏ బల్ల మీద ఆగాయో తెలియదు. మూడోది ఒక సోమవారం, జనం వినతులు తీసుకునే ప్రజావాణికి స్వయంగా తీసుకెళ్లాను. ఒక రోజు సెలవు పెట్టి, బడికి తాళం వేసి, పొద్దున్నే బస్సెక్కి, వరసలో నిలబడి ఇచ్చాను. రసీదు చేతిలో పెట్టారు. తర్వాత ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది, పరిశీలనలో ఉందని. అంతే. ఆ రోజు మా పిల్లలకు పాఠం లేదు, మధ్యాహ్నం అన్నమూ లేదు. ఇంకోసారి ఆ పని చేయడానికి మనసొప్పక ఇలా అందరూ చదివేలా రాస్తున్నాను.

విషయం ఇది. టీచరు ఏటా ఇన్ని గంటల శిక్షణ పొందినట్టు చూపాలి. చూపినవారికే ముందు ముందు అర్హత, ప్రమోషన్ అనే ఆలోచన బలపడుతోంది. మన దగ్గర టీచరు సర్టిఫికెట్‌కు రెన్యువల్ అనే పేరు ఇంకా రాలేదు గాని, పద్ధతి మాత్రం మెల్లగా అటే నడుస్తోంది. అది పూర్తిగా వచ్చి కూర్చునేలోపు, దాని బరువు ఇప్పటికే ఎవరి మీద పడుతోందో చెప్పాలని నా ప్రయత్నం.

శిక్షణ అనగానే ముఖం ముడుచుకునే రకం కాదు నేను. 1996లో రాష్ట్రంలో డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం) మొదలైన జిల్లాల్లో మన వరంగల్ ఒకటి. నేను చేరిన కొత్తలో నెలకోసారి టీచర్ సెంటర్‌లో కలిసేవాళ్లం. బోధనా సామగ్రి చేసుకోవడానికి టీచరుకు ఏడాదికి 500 రూపాయలు ఇచ్చేవారు. ఆ డబ్బుతో చార్టులు, రంగులు కొనేవాళ్లం, మిగతావి ఊళ్లోనే దొరికేవి, చింతగింజలు, చీపురు పుల్లలు, సీసా మూతలు. అప్పు తెచ్చుకునే తీసివేతలు ఎలా చెప్పాలో నాకు టీటీసీలో (టీచరు కావడానికి చదివే కోర్సులో) రాలేదు. ఆ సెంటర్లో ఒక పెద్ద సారు, ఎదురుగా నిజం పిల్లల్నే కూర్చోబెట్టి, పది పుల్లల కట్టను విప్పి చూపించినప్పుడు వచ్చింది. పాఠం మధ్యలో ఇంకో టీచరు లేచి "సారూ, గిది నాకే సమజ్ కాలే, పోరగాండ్లకేమైతది" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్ద సారు మాత్రం నవ్వకుండా కట్ట మళ్లీ కట్టి, మళ్లీ విప్పాడు. శిక్షణ అంటే నా లెక్కలో ఇప్పటికీ అదే.

ఇప్పటి లెక్క వేరు. జాతీయ విద్యా విధానం 2020, పేరా 5.15 చూడండి. ప్రతి టీచరు ఏటా కనీసం 50 గంటలు వృత్తిలో ఎదగడానికి పనికొచ్చే కార్యక్రమాల్లో పాల్గొనాలని అందులో ఉంది. ఆ వాక్యం చివర ఇంకో మాట కూడా ఉంది, టీచరు తన సొంత ఆసక్తిని బట్టి అని. యాభై అనే అంకె ఢిల్లీ నుంచి హైదరాబాద్, హైదరాబాద్ నుంచి జిల్లా, జిల్లా నుంచి మండలం దాటి మా బడి గోడ దాకా వచ్చింది. ఆసక్తి అన్న మాట దారిలో ఏ స్టేజీ దగ్గరో దిగిపోయింది.

అంకె పెద్దదని నా గోల కాదు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ అయితే ప్రతి అయిదేళ్ల సర్వీసులో రెండు మూడు నెలలు శిక్షణ ఉండాలంది. పక్క వృత్తుల్లో ఎలా ఉందో మాత్రం ఒకసారి చూడమంటాను. డాక్టర్ల వృత్తి నియమావళి, 2002లో వచ్చింది, అయిదేళ్లలో 30 గంటలు అడిగింది. అమెరికాలోని టెక్సాస్‌లో టీచరు సర్టిఫికెట్‌ను అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, అందుకు ఆ అయిదేళ్లలో 150 గంటలు చూపాలి. మన లెక్కలో అయిదేళ్లకు 250. రెన్యువల్ ఉన్న ఆ రాష్ట్రం కన్నా, రెన్యువల్ లేని మనమే ఎక్కువ అడుగుతున్నాం.

జపాన్ సంగతి ఇంకా ఆలోచించదగ్గది. 2009 ఏప్రిల్ నుంచి అక్కడ టీచరు లైసెన్సుకు పదేళ్ల గడువు పెట్టారు. గడువు తీరేలోపు 30 గంటల కోర్సు చేయాలి, ఫీజు టీచరే కట్టుకోవాలి. టీచర్లకు పని భారం పెరిగింది, బడులకు టీచర్లు దొరకడం కష్టమైంది. 2022 జూలైలో ఆ పద్ధతినే తీసేశారు. పదమూడేళ్లు నడిపి చూసి, వద్దనుకున్నారు. వాళ్లు దిగిన మెట్టు మనం ఎక్కబోతున్నాం.

ఇక ఈ పద్ధతి వల్ల మామూలు జనానికి ఏమవుతోందో రాస్తాను. విన్నవి కావు, చూసినవి.

1. ఒక్క టీచరున్న బడి మూతపడుతోంది.

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలి. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన జరగాలి. మా బడిలో చట్టం చెప్పిన రెండో టీచరు కాగితం మీదే ఉన్నారు. ఇక 800 గంటల్లోంచి నా శిక్షణలకు పోయేవెన్నో ఎక్కడా లెక్క లేదు. టీచరు గంటలకు పోర్టల్ ఉంది, పిల్లల గంటలకు లేదు.

చుట్టుపక్కల బడుల టీచర్లందరూ ఒకచోట కలిసే కాంప్లెక్స్ మీటింగులకు ఉత్తర్వు వచ్చినప్పుడల్లా అందులో ఒక జాగ్రత్త రాసి ఉంటుంది. బడికి ఇబ్బంది రాకుండా సగం మంది టీచర్లు మొదటి రోజు, మిగతా సగం మంది రెండో రోజు రావాలని. మంచి ఆలోచనే. కానీ ఒక్కడే ఉన్న బడిలో సగం మంది అంటే ఎవరు? నేను సగం వెళ్లి, సగం బడిలో ఉండలేను కదా.

పక్క ఊరి టీచరును ఆ రోజుకు సర్దుబాటు చేస్తామంటారు. ఆ ఊరు మాకు తొమ్మిది కిలోమీటర్లు. ఆయన వచ్చేసరికి పదకొండు దాటుతుంది, మూడింటికి బండి తీయాలి, వానాకాలమైతే వాగు చూసుకొని ఇంకా ముందే. ఆయన వచ్చిన రోజు ఆయన బడిలో ఒక్కరే మిగులుతారు. ఒక చిల్లు పూడ్చడానికి ఇంకో చోట చిల్లు పెట్టడం.

2024-25లో నా డైరీ తీసి చూసుకున్నాను. పనిదినాల్లో శిక్షణలు, మీటింగులు, యాప్ వాడకం మీద ఓరియంటేషన్లు అన్నీ కలిపి పదమూడు రోజులు నేను బడిలో లేను. వాటిలో ఏడు రోజులు బడి తెరవనే లేదు. అదే నవంబరులో సమగ్ర కుటుంబ సర్వే వచ్చింది, ఆ రోజుల్లో మధ్యాహ్నం దాకే బడి, తర్వాత ఇల్లిల్లూ తిరగడం. చట్టంలోని 27వ సెక్షన్ టీచర్లకు జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరే పని చెప్పొద్దంటుంది. ఆ సర్వే జనగణన కిందికి వస్తుందా రాదా అనే వాదనలోకి నేను పోను.

బడి మూసిన రోజు పోయేది పాఠం ఒక్కటే కాదు. వారానికి మూడు గుడ్లు పెట్టే చోట, గుడ్డు రోజు బడి లేకపోతే ఆ గుడ్డు మళ్లీ రాదు. వండే అక్కకు తిన్న పిల్లల లెక్కన బిల్లు వస్తుంది, పిల్లలు రాని రోజు ఆ బిల్లు రాదు. తల్లిదండ్రులు అప్పటికే పనికి పోయి ఉంటారు. పిల్లలు తాళం చూసి చెరువు వైపు పోతారు. ఆ చెరువు సంగతి తలుచుకుంటేనే నాకు శిక్షణ హాల్లో కుర్చీ మీద టెన్షన్.

ఒకసారి మరుసటి రోజు బడికి వెళ్లగానే మూడో తరగతి పిల్ల అడిగింది, "సారూ, నిన్న ఏడికి పోయినవ్?" చదువుకోవడానికి పోయానన్నాను. "నీకు గూడ బడి ఉన్నదా?" అంది. ఉందన్నాను. ఆ రోజు మాకు చెప్పిన అంశం పిల్లల హాజరు పెంచడం ఎలా అన్నది. అది మాత్రం ఆ పిల్లకు చెప్పలేదు.

2. ఫోనులో నడిచే కోర్సు గంటలే తప్ప చదువు కాదు.

టీచర్లకు ఆన్‌లైన్ పాఠాలు, కోర్సులు పెట్టే దీక్షా వేదిక 2017లో వచ్చింది. నిష్ఠా అనే కేంద్ర టీచర్ల శిక్షణలు 2019లో ఎదురెదురుగా కూర్చుని మొదలయ్యాయి, కరోనా రావడంతో 2020 అక్టోబరు నుంచి ఆన్‌లైన్‌కు మారాయి. ఆ రోజుల్లో అది తప్పనిసరి. తర్వాత అదే అలవాటుగా మారింది, ఎందుకంటే ఖర్చు తక్కువ, లెక్క సులువు. ఎవరు ఎన్ని నిమిషాలు చూశారో కంప్యూటరే చెబుతుంది.

మా ఊళ్లో సిగ్నల్ రావాలంటే రోడ్డు మీది కల్వర్టు దాకా నడవాలి. సాయంత్రాలు అక్కడ ముగ్గురు నలుగురు టీచర్లం కలుస్తాం, ఎవరి ఫోను వాళ్లు పట్టుకొని. దోమలు కుడుతుంటే వీడియో చివరిదాకా వినేదెవరు? ఇప్పుడొక నిజం ఒప్పుకుంటాను. క్విజ్ జవాబుల పీడీఎఫ్ వాట్సాప్‌లో తిరుగుతుంది. నేనూ ఒకసారి వాడాను. సర్టిఫికెట్ వచ్చింది. ఆ కోర్సు దేని గురించో ఇప్పుడు అడిగితే చెప్పలేను. తప్పు నాదే, మీ మీద నెట్టడం లేదు. కానీ పదిమంది ఒకేలా తప్పు చేస్తున్నప్పుడు, ఆ పని పెట్టిన తీరును కూడా చూడాలి కదా. హాల్లో జరిగే శిక్షణల్లోనూ సంతకం పెట్టి మధ్యాహ్నం జారుకునేవారు ఉన్నారు, నాకు తెలుసు. గంటలు అడిగితే గంటలే ఇస్తారు.

3. మా పిల్లల భాష ఏ శిక్షణలోనూ లేదు.

ఇది కాస్త వివరంగా రాయనివ్వండి, నా మనసులో అన్నిటికన్నా పెద్దది ఇదే. మా బడిలో ఎక్కువమంది కోయ పిల్లలు. అవతల మహబూబాబాద్ వైపు తండాల్లో పనిచేసే మిత్రులకు లంబాడీ పిల్లలు. ఒకటో తరగతిలో అడుగుపెట్టే ఈ పిల్లలకు పాఠ్యపుస్తకం తెలుగు సగం పరాయిది, ఇంగ్లిష్ మీడియం పుస్తకం పూర్తిగా పరాయిది.

ఈ బడికి వచ్చిన కొత్తలో ఒకటో తరగతి బాబు పాఠం మధ్యలో లేచి "ఏర్, ఏర్" అంటూ బయటికి చూపించాడు. వాగుకు పోతానంటున్నాడనుకొని చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టాను. కాసేపటికి ఏడుపు మొదలుపెట్టాడు. వంట అక్క వచ్చి గ్లాసుతో నీళ్లిచ్చింది. కోయలో ఏర్ అంటే నీళ్లు. మన తెలుగులో ఏరు అంటే వాగు. దాహం వేసిన పిల్లవాడిని నేను అరగంట కూర్చోబెట్టాను. నా దగ్గర అప్పటికి ఎన్ని శిక్షణల సర్టిఫికెట్లున్నాయో లెక్క లేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం వంట అక్క దగ్గర పది మాటలు రాసుకునేవాడిని. ఇంట్లో వస్తువులు, శరీర భాగాలు, ఆకలి, నొప్పి, భయం, రా, పో, కూర్చో. రెండేళ్లలో చిన్న నోటుబుక్కు నిండింది. దాన్ని గోడ మీద చార్టుగా వేశాను, ఒక పక్క కోయ మాట, ఒక పక్క తెలుగు మాట, తెలుగు లిపిలోనే. ఒకటో తరగతి పిల్లలు బడికి వచ్చిన మొదటి వారంలోనే నోరు విప్పడం అప్పటి నుంచి మొదలైంది. నా ఇరవై ఏడేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న వాటిలో పిల్లలకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. దీనికి ఎన్ని గంటలు వేస్తారని ఒక రిసోర్స్ పర్సన్‌ను అడిగాను. పోర్టల్‌లో ఆ కాలమ్ లేదన్నారు. అంటే సున్నా.

అయిదో తరగతి దాకా వీలైనంతవరకు మాతృభాషలో బోధన అని అదే 2020 విధానం చెబుతుంది. మాకు ఆ విషయం మీద ఒక స్లయిడ్ చూపించారు. చూపించినవారికి కోయ రాదు, లంబాడీ రాదు. ఆ రెండూ వచ్చిన టీచర్లు హాలు వెనక వరసలో కూర్చుని ఉన్నారు. వాళ్లను ముందుకు పిలవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

4. శిక్షణ తేదీలు పంటల తేదీలతో గుద్దుకుంటున్నాయి.

అక్టోబరు నుంచి పత్తి ఏరుతారు. సంక్రాంతి దాటాక మిర్చి. ఎనుమాముల మార్కెట్లో ఎర్రటి బస్తాలు పేరే ఆ నెలల్లో మా పిల్లల్లో చాలామంది తల్లిదండ్రుల వెంట చేలల్లో ఉంటారు. అప్పుడు టీచరు రోజూ బడిలో ఉండి, పొద్దున్నే ఇళ్ల ముందు తిరిగి పిల్చుకురావాలి. సరిగ్గా అప్పుడే శిక్షణలు గుంపుగా వస్తాయి. మార్చి 31లోపు నిధులు ఖర్చు కావాలన్న తొందరని టీచర్లలో ఒక మాట. నిజమెంతో మీకే తెలియాలి. 2025 మే నెలలో అయిదు రోజుల వేసవి శిక్షణ పెట్టినప్పుడు ఎండకు అందరం తిట్టుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే అదే నయం, ఒక్క పిల్లవాడి పాఠమూ పోలేదు.

5. టెట్ కత్తి.

మొదట టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) సర్టిఫికెట్‌కు ఏడేళ్ల గడువు ఉండేది. 2021లో కేంద్రం దాన్ని 2011 నుంచి వర్తించేలా జీవితకాలానికి మార్చింది. ఒకసారి అర్హత వస్తే మళ్లీ మళ్లీ రుజువు చేసుకోనక్కర్లేదని అప్పుడు ఒప్పుకున్నట్టే కదా. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. విద్యాహక్కు చట్టానికి ముందు చేరినవారైనా, రిటైర్మెంట్‌కు అయిదేళ్ల కన్నా ఎక్కువ సర్వీసు ఉంటే రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. అయిదేళ్లలోపు ఉన్నవారు కొనసాగవచ్చు గాని, ప్రమోషన్ కావాలంటే టెట్ ఉండాలి. తీర్పును నేను ప్రశ్నించడం లేదు. నాకు ఇంకా తొమ్మిదేళ్ల సర్వీసు ఉంది, రాస్తాను. పుస్తకాలు కొన్నాను కూడా. పిల్లలు ఎలా నేర్చుకుంటారో చెప్పిన పియాజే, వైగాట్స్కీలను యాభై దాటాక మళ్లీ చదువుతుంటే, నిజం చెప్పాలంటే, బాగానే ఉంది. టీటీసీలో బట్టీపట్టినవి ఇప్పుడు పిల్లల ముఖాలతో సహా అర్థమవుతున్నాయి.

కానీ హైస్కూల్లో పనిచేసే తెలుగు పండితుల సంగతి చూడండి. వాళ్లు రాయాల్సిన టెట్ రెండో పేపర్లో 150 మార్కులుంటే అందులో 60 గణితం సైన్సు, లేదా సాంఘిక శాస్త్రం. ముప్ఫై ఏళ్లుగా తెలుగు పద్యాలు చెప్పిన ఆవిడ ఇప్పుడు తెలుగు టీచరుగా కొనసాగడానికి అక్షాంశాలు, రేఖాంశాలు చదవాలి. తెలుగుకు ఉన్నవి ముప్ఫై మార్కులే. ఇది కోర్టు పెట్టిన నియమం కాదు, పేపరు తయారుచేసినవారు పెట్టింది. మార్చగలిగేది వారే.

6. ప్రైవేటు బడుల టీచర్లను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

హన్మకొండ, కాజీపేట, వరంగల్ సందుల్లో ఉన్న చిన్న బడుల్లో పదీ పన్నెండు వేలకు పనిచేసే ఆడపిల్లలు వేలల్లో ఉన్నారు. నా మేనకోడలు వారిలో ఒకతె. వేసవిలో జీతం ఉండదు. గంటలు చూపమంటే, ఆదివారం సొంత ఖర్చుతో వెళ్లాలి, లేదా సెలవు పెట్టి జీతం కోయించుకోవాలి. ప్రభుత్వ టీచరుకు ఓడీ ఉంది, అంటే శిక్షణ రోజు కూడా డ్యూటీ కిందే లెక్క, ఆమెకు లేదు. "మామయ్యా, నా సర్టిఫికెట్ కన్నా దాన్ని బతికించుకునే ఖర్చే ఎక్కువయ్యేటట్టున్నది" అంటుంది. ఆమెకు నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉండాలి.

ఇవన్నీ చూశాక మేం అడుగుతున్నవి:

1. ఒక్క టీచరున్న బడి నుంచి పనిదినాల్లో శిక్షణకు పిలిచే ముందు, బదులు టీచరు ఆ బడికి చేరారని మండల విద్యాధికారి (ఎంఈఓ) రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. చేరకపోతే ఆ టీచరు రాకపోయినా మెమో ఇవ్వొద్దు. కరోనా తర్వాత ఆగిపోయిన విద్యా వాలంటీర్ల పద్ధతిని కనీసం ఇలాంటి బడులకైనా తిరిగి తేవాలి. చట్టం చెప్పిన రెండో టీచరును ఇవ్వడం అసలు పరిష్కారం, అది మీకు తెలిసిందే.

2. యాభై గంటల్లో సగం టీచరు ఎంచుకునేదిగా ఉండాలి, విధానంలో రాసి ఉన్నట్టే. పిల్లల భాష నేర్చుకోవడం, బోధనా సామగ్రి తయారీ, పక్క బడి టీచరు పాఠాన్ని కూర్చుని చూడటం, ఇవన్నీ గంటలుగా లెక్కించాలి. సాక్ష్యం కావాలంటే మా బడి గోడ మీది చార్టును ఫొటో తీసుకోండి.

3. శిక్షణల క్యాలెండరు జూన్‌లో బడులు తెరిచేలోపే ప్రకటించాలి. పత్తి, మిర్చి మండలాల్లో నవంబరు నుంచి మార్చి దాకా పనిదినాల్లో శిక్షణలు పెట్టొద్దు. మే చివరి వారం పెట్టండి, వస్తాం.

4. ఆన్‌లైన్ కోర్సుల సామగ్రి పెన్‌డ్రైవ్‌లో మండల రిసోర్స్ సెంటర్ ద్వారా ఇవ్వాలి. ఫోనులో గడిపిన నిమిషాలు చూసి గంటలు వేయడం మానాలి. దానికి బదులు, నేర్చుకున్నదాన్ని కాంప్లెక్స్ మీటింగులో పిల్లల ముందు ఒక పాఠంగా చెప్పించండి. జవాబుల పీడీఎఫ్ అక్కడ పనిచేయదు.

5. ఏజెన్సీ మండలాల శిక్షణల్లో కోయ, లంబాడీ మాట్లాడే టీచర్లనే రిసోర్స్ పర్సన్లుగా పెట్టాలి. టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా డైట్ కాలేజీల్లో ఏళ్లుగా ఖాళీగా ఉన్న లెక్చరర్ పోస్టులు నింపాలి. శిక్షణ ఇచ్చే చోటే మనుషులు లేకపోతే యాభై గంటలు ఎవరు చెప్పాలి?

6. సర్వీసులో ఉన్న టీచర్లు రాసే టెట్‌లో పండితులకు, బయాలజీ, ఫిజిక్స్ వంటి సబ్జెక్టు టీచర్లకు ఎక్కువ మార్కులు వారి సబ్జెక్టు నుంచే ఉండేలా పేపరు మార్చమని రాష్ట్రం తరఫున కేంద్రాన్ని గట్టిగా అడగాలి. రెండేళ్ల గడువు గడిచిపోతోంది, అడిగేది ఇప్పుడే అడగాలి.

7. ప్రైవేటు టీచర్ల శిక్షణ ఖర్చు, ఆ రోజు జీతం యాజమాన్యమే భరించాలి. బడికి గుర్తింపు రెన్యువల్ చేసేటప్పుడు దీన్ని చూడండి. రెన్యువల్ అనే మాట ముందు వాళ్ల మీద వాడండి.

8. పై వాటిలో మొదటి మూడూ జరిగేదాకా, శిక్షణ గంటలను ఏ టీచరు అర్హతకూ ప్రమోషన్‌కూ ముడిపెట్టొద్దు.

ఈ లేఖకు రాతపూర్వకమైన జవాబు నెల రోజుల్లో ఇవ్వమని కోరుతున్నాను. నేరుగా మాట్లాడాలనుకుంటే పిలవండి, వస్తాను, డైరీ, నోటుబుక్కు రెండూ తెస్తాను. ఒక్కటే మనవి. సోమవారం పిలవకండి. ఇంకే పనిదినమూ వద్దు. ఆదివారమో, రెండో శనివారమో చెప్పండి. మా బడికి తాళం వేయకుండా రాగలిగే రోజులు అవే.

ఇట్లు,
ఒక ఎస్జీటీ,
ములుగు జిల్లా